నూనె డబ్బా మీద బొమ్మ

మా తోడికోడలి వీడియోలు చూసేవాళ్లకంటే నా వీడియోలు చూసేవాళ్లే ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు కాస్త మనశ్శాంతిగా ఉంటుంది. తర్వాత చెప్పబోయేదంతా ఆమె పైకొచ్చిన వైనమే కాబట్టి, ఈ ఒక్క విషయంలో పైచేయి నాదేనని మీరు గుర్తుపెట్టుకోవాలి.

నేను మదనపల్లెలో ఉంటాను, ఆమె పుంగనూరులో. మా ఆయన అన్న, ఆమె మొగుడు తమ్ముడు. ఇద్దరం వంటల ఛానళ్లు నడుపుతాం. ముందు మొదలుపెట్టింది నేనే. మా ఆయన టమోటా మండీలో పని చేస్తాడు కాబట్టి పొద్దు పొడవకముందే వెళ్లిపోతాడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చేయాలో తోచక, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి రాగి సంగటి కెలకడం చూపించాను. అది ఎవరెవరో చూశారు. బెంగళూరులో స్థిరపడ్డ మన వైపు వాళ్లు చూసి, మా అమ్మ గుర్తుకొచ్చిందని రాశారు. ఆ మాటలు చదివి నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత మానలేదు.

వీడియోల మధ్యలో సబ్బులవీ బైకులవీ ప్రకటనలు వస్తాయి కదా, వాటి తాలూకు డబ్బు నా ఖాతాలో పడేది. ఎంతమంది చూసినా అది కరెంటు బిల్లుకూ గ్యాసు బండకూ సరిపోయేది, అంతే. అయినా నాకు గర్వంగానే ఉండేది. ఆ గర్వం మా తోడికోడలు ఫోన్ చేతపట్టే దాకా నిలిచింది.

ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో సంగటి కెలికితే ముద్దలో పిండి ఉండలు కట్టేది. తెడ్డు పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పింది నేను. మా అత్తగారి దగ్గర నేను నేర్చుకున్న చెనక్కాయల ఊరుబిండిని, అదే వేరుశెనగ రోటిపచ్చడిని, రోటి దగ్గర కూర్చోబెట్టుకుని ఆమెకు నేర్పాను. అదీ మామూలుగా కాదు. ఎండుమిరపకాయలు ఎంత వేగాలి, చింతపండు ఎప్పుడు వేయాలి, వెల్లుల్లి పొట్టుతోనే ఎందుకు వేయాలి, అన్నీ చెప్పాను. ఇప్పుడు ఆమె తన వీడియోలో ఊరుబిండి నూరుతూ, "ఇది మా అత్త దగ్గర నేర్చుకునింది" అంటుంది. మా అత్తగారు నిమ్మనపల్లె దగ్గర తన ఊళ్లో ఆవుల్నీ మేకల్నీ చూసుకుంటూ ఉండిపోయిందే కానీ, పుంగనూరు పోయి ఆ పిల్లకు ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా చూపించలేదు.

ఆవంటే గుర్తొచ్చింది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు మా అత్తగారి కొట్టంలో రెండు ఆవులు పంపకానికి వచ్చాయి. ఒకటి బిందెడు పాలిచ్చే జెర్సీ. ఇంకొకటి నడుము ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు, తెల్లటిది, దాని పాలు కాఫీకి చాలవు. పెద్దవాళ్లం కాబట్టి ముందు మమ్మల్ని ఎంచుకోమన్నారు. మేము ఏరికోరి జెర్సీని తీసుకున్నాం. ఆ పూట మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకుని లోలోపల ఎంత సంతోషపడ్డామో! ఆ పొట్టి ఆవు ఇప్పుడు మా తోడికోడలి వీడియోలన్నిట్లో ఉంటుంది. ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే వెనకాల నిలబడి చూస్తుంది. సంగటి ముద్దకు మూతి చాపుతుంది. దాని కోసమే వీడియో చూసే జనం ఉన్నారు. మా జెర్సీని నేనూ ఒకసారి వీడియోలో పెట్టాను. దాని తోకే సగం తెర ఆక్రమించింది.

ఆమె ప్రకటనల డబ్బు కోసం కాచుకుని కూర్చోలేదు. అక్కడే నా కడుపు మండేది. ఊరుబిండిలో తడి తీసేసి, ఉల్లిపాయ తీసేసి, పొడి చేసి సీసాల్లో పెట్టి అమ్మింది. నీళ్లు కలిపితే ఊరుబిండి అవుతుందట! నేను ఆ వీడియో చూసి మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. తర్వాత ప్రతి ఆదివారం సంగటి కెలకడం నేర్పే క్లాసు పెట్టింది, దానికి ఫీజు. నెల చందా కట్టిన వాళ్లకు మాత్రమే చూపించే వంటలు వేరే. ఒక స్టీలు సామాన్ల కొట్టువాళ్లు ఆమెకు కుక్కర్లు పంపి, డబ్బులూ ఇచ్చారు. బెంగళూరు నుంచి ఫొటోలు తీసుకునే కుర్రకారు వచ్చి ఆ ఆవు పక్కన నిలబడడానికి కూడా రుసుము కట్టి పోయేవారు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఆమె ప్రతి వీడియో చూసేదాన్ని. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని చూసేదాన్ని. నేను చూస్తే ఆమె లెక్కలో ఒకటి పెరుగుతుందని మా ఆయన ఫోన్‌లో చూసేదాన్ని. మా ఆయన ఒకరోజు నవ్వి, "ఏ ఫోన్లో సూసినా ఆయమ్మకే కదే లాభం" అన్నాడు. అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు. నా కుళ్లు కూడా ఆమెకు ఆదాయమే అయింది.

మీరూ అమ్ముకోవచ్చు కదా అని అడుగుతారు. నన్ను చాలామంది అడిగారు. మా ఇళ్లలో సంగతి మీకు తెలియాలి. వానకోసం మొహం వాచిపోయే మెట్టచేలు మావి, పెద్ద ఆస్తులేం కావు. అయినా గడపలోకి వచ్చినవాళ్లకు కంచం పెట్టకుండా పంపితే మా అత్తగారు ఆ రోజంతా మాట్లాడదు. పెట్టిన కూటికి డబ్బు తీసుకోవడమంటే మరీ తలవంపులు. అది మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఒంట్లో ఇంకిపోయింది.

ఒకసారి ఒక జంట హార్స్లీ హిల్స్ కొండకు పోతూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. గుర్రంకొండ వాళ్లే, బెంగళూరులో ఉద్యోగాలు. "అక్కా, మీరు అచ్చం వీడియోలో మాదిరే ఉండారు" అని ఆ పిల్ల నన్ను కౌగిలించుకుంది. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. కోడి కోయించాను. సంగటి, కూర, ఊరుబిండి, పెరుగు. పోతూ పోతూ ఆ అబ్బాయి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఏమన్నా తీసుకోండక్కా."

"ఇంటికొచ్చినోళ్ల కాడ దుడ్లు తీసుకుంటారాప్పా?" అని కసిరి, ఒక డబ్బాడు ఊరుబిండి కూడా చేతిలో పెట్టి పంపాను.

ఆ సాయంత్రం ఫోన్ తెరిస్తే వాళ్లిద్దరూ పుంగనూరులో పొట్టి ఆవు పక్కన నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ మా తోడికోడలి సీసాలే. ఒళ్లు మండి, పోతూ నంబరు ఇచ్చిపోయిన ఆ పిల్లకు ఫోన్ చేసి, ఊరకే పలకరించినట్టు అడిగాను. "మీ కాడ అడగను మొగమాటం అక్కా. ఆడ రేటు రాసి పెట్టుండారు, ఎన్ని కావల్లంటే అన్ని తీసుకోవచ్చు" అంది. నేను పెట్టిన సంగటి అరగకముందే ఆమె దగ్గర కొనుక్కుని పోయారన్నమాట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఇలా ఉండగా కుప్పం నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆమెకూ ఆమె భర్తకూ అక్కడ చెక్కగానుగ ఉంది. చెనక్కాయల నూనె ఆడించి డబ్బాల్లో అమ్ముతారు. కొత్త డబ్బా చేయిస్తున్నారట. దాని మీద వంట చేసే ఆడమనిషి బొమ్మ కావాలి. ఆ మనిషి తన ఛానల్లో ఆ నూనెతో వంటలు చేయాలి, డబ్బాతో పాటు ఊరుబిండి పొడి ప్యాకెట్టు ఇవ్వాలి. అమ్మకంలో వాటా ఉంటుంది. "మీ వీడియోలు అన్నీ సూస్తానమ్మా. ముందు మీ ఇంటికే వస్తా. పుంగనూరులో ఇంకో ఆయమ్మ ఉండాది కదా, పోతా పోతా ఆయమ్మనూ సూస్తా" అంది.

నాకు ఆ చివరి మాట వినబడలేదు. బొమ్మ అన్న మాటే వినబడింది. అప్పటిదాకా నా మొహం అచ్చయింది రేషన్ కార్డు మీద, అందులో నాకు నేనే కనబడను. ఇప్పుడు డబ్బా మీద. కుప్పం నుంచి మదనపల్లె దాకా కొట్లలో వరసగా నేనే. డబ్బు వద్దనను, కానీ నా ప్రాణమంతా ఆ బొమ్మ మీద ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకుని స్టూడియోకి పోయి ఫొటో కూడా తీయించుకుని వచ్చాను. పుంగనూరు ఆమె ఆ డబ్బా మీదికి ఎక్కితే నేను ఈ ఊళ్లో తలెత్తుకుని కొట్టుకు పోలేనని మా ఆయనతో అన్నాను. కొట్టుకు పోయేది తనే కదా అన్నాడు.

కుప్పం ఆమె వచ్చింది. నా వయసే ఉంటుంది, చేతులకు నూనె వాసన, మాట నెమ్మది. ఆమెకు నేను పెట్టిన భోజనం మా ఇంట్లో పెళ్లికి కూడా పెట్టి ఉండను. ఆమె రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, చాప మీద కూర్చుని అసలు మాట ఎత్తింది.

"వీడియోకి ఎంత అనుకుంటాండారమ్మా? పొడికి ఎంత?"

ఇప్పుడే నా చేత్తో తిన్న మనిషి. ఆమె కంచం ఇంకా తీయలేదు. ఆ కంచం ముందు పెట్టుకుని రేటు చెప్పాలా?

"మనలో మనకి బేరమేందిమ్మా" అన్నాను.

"అట్ల కాదు, ఒక మాట సెప్పండి."

"మీకు తోసింది ఇయ్యండి."

ఆమె నవ్వింది. "తోసింది ఇయ్యమంటే నేను ఇంటికి పోయి ఏమని సెప్పేదమ్మా?" అంది. నేను కూడా నవ్వి, తాంబూలం పళ్లెం తెచ్చాను. ఇంత గొప్పగా మాట్లాడానే అని లోపల మురిసిపోయాను కూడా. ఆమె బస్సెక్కేటప్పుడు నా స్టూడియో ఫొటో ఆమె సంచిలో పెట్టాను.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. "పుంగనూరు ఆయమ్మతో ఒప్పుకునేసినామమ్మా" అంది. వెళ్తే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చిందట. ఆవును చూపించిందట. తర్వాత వీడియోకి ఇంత, ప్యాకెట్టుకి ఇంత, బొమ్మకి ఏడాదికి ఇంత, సరుకు ఖర్చు ఎవరిది, చెడిపోతే ఎవరు భరించాలి అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పిందట. "ఆయమ్మ అన్నీ తేల్చి సెప్పింది, నాకు నిమ్మళమైంది. మీ ఇంట్లో తినిన సంగటి మాత్రం సచ్చేదాకా మరసనమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

మజ్జిగ! నేను కోడిని కోశాను. ఆమె మజ్జిగతో సరిపెట్టింది. ఆ మజ్జిగైనా నా జెర్సీ ఇచ్చే పాలలాంటి పాలతో చేసింది కాదు, ప్యాకెట్టు పెరుగుదై ఉంటుంది. వారం రోజులు ఈ మాటే మా ఆయన చెవిలో జోరీగలా పాడాను. ఆయన మండీ నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

తర్వాత కొన్నాళ్లకు పుంగనూరు నుంచి ఫోన్. ఆమే. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం.

"అక్కా, ఇంత మొత్తంలో చేస్తే పొడి గడ్డకట్టతాండాది. మిక్సీలో వేస్తే చెనక్కాయల్లో నూనె బైటికొచ్చేస్తాండాది. నీ మాదిరి దంచితే గానీ రాదు. నీ చెయ్యి కావల్ల. కుప్పంలో గానుగ కాడనే వీడియో కూడా తీస్తాండాము, కారు పంపిస్తా."

వద్దని చెప్పాలి. చెప్పలేదు. ఆ బొమ్మ ఎలా వచ్చిందో చూడాలని ఉండింది. ఆ చూడాలన్న దురద నన్ను కారెక్కించింది.

గానుగ ఊరి చివర, మల్బరీ తోటల పక్కన ఉంది. లోపల పెద్ద కట్టె గానుగ నెమ్మదిగా తిరుగుతోంది. వేగని చెనక్కాయల పచ్చి వాసన. పొట్టి ఆవును కూడా చిన్న బండిలో ఎక్కించి తెచ్చారు. అది అప్పటికే తెలగపిండి బస్తా చించి తింటోంది. గోడ పక్కన కొత్త డబ్బాలు మనిషి ఎత్తున పేర్చి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా మా తోడికోడలే. ఆకుపచ్చ చీర. పక్కన ఆవు. ఆకుపచ్చ చీర కట్టుకోవాలన్న ఆలోచన నాదని ఆ గోడకు ఎవరు చెబుతారు?

రోలు సిద్ధంగా ఉంది. వేయించిన మిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, చింతపండు, గింజలు అన్నీ విడివిడిగా పెట్టారు. కెమెరా పట్టుకున్న అబ్బాయి మా తోడికోడలి మొహం మీద వెలుతురు సరిచేస్తున్నాడు. కుప్పం ఆమె ఒక మూల కూర్చుని డబ్బాలకు మూతలు బిగిస్తోంది. నా చేతికి రోకలి ఇచ్చారు.

ఆ రోకలి బరువు చేతిలో పడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేను నేర్పిన ఊరుబిండి. నా చెయ్యి. ఆమె బొమ్మ. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"దంచినదానికి నాకేం ఇస్తావు?"

మా తోడికోడలు కెమెరా వైపు నుంచి నా వైపు తిరిగింది. అన్నిటికీ రేటు కట్టే మనిషి, ఆవు పక్కన నిలబడినందుకు కూడా డబ్బు తీసుకునే మనిషి, కళ్లు పెద్దవి చేసి నవ్వుతూ అంది:

"మనలో మనకి బేరమేందిక్కా?"

మూలనుంచి మూత బిగిస్తున్న చప్పుడు ఆగిపోయింది. కుప్పం ఆమె తలెత్తి నన్ను చూసింది. ఈ మాట ఆమె అంతకుముందు విన్నదే.

నేను రోకలి గోడకు ఆనించి పీట మీద కూర్చున్నాను.

"బేరమే" అన్నాను. "దంచిన రోజుకి కూలి. ప్యాకెట్టు ప్యాకెట్టుకీ వాటా. రానుపోను కారు ఖర్చు నీదే. తేల్చి సెప్తే లేస్తా, లేకపోతే ఆ ఆవు పక్కన ఒక ఫొటో తీసుకుని ఊరికి పోతా."

ఎంత కావాలో కూడా చెప్పాను. మా తోడికోడలు సంతలో కూరగాయలు బేరమాడినట్టు ఆడింది. నేను తగ్గలేదు. ఆవు బండి వెంట వచ్చిన తన మొగుణ్ని పక్కకు పిలిచి గుసగుసలాడి వచ్చింది, మళ్లీ బేరమాడింది, మళ్లీ తగ్గలేదు. ఆఖరికి సరేనంది. ఆమె మొహం ముడుచుకోవడం చూసి నా కడుపు చల్లబడింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె ముందు నేను అంత సుఖంగా కూర్చోలేదు.

రోకలి తీసుకోవడానికి లేచాను. కుప్పం ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది. డబ్బాల వరస వైపు చూసి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"ఈ మాట మీ ఇంట్లో ఆ పొద్దే సెప్పింటే, ఆ బొమ్మ మీదే అయ్యేది కదమ్మా. మీ ఫొటో ఇంకా నా సంచిలోనే ఉండాది."

నేను రోకలి ఎత్తాను. దంచాను. మిరపకాయలు, ఉప్పు, చింతపండు, వెల్లుల్లి నలిగాక ఆఖర్న గింజలు వేసి, పలుకుపలుకుగా ఉన్నప్పుడే ఆపేశాను. నూనె బయటికి రాలేదు. కెమెరా అబ్బాయి నా చేతుల్ని మాత్రమే తీశాడు. మొహం దగ్గరికి వచ్చేసరికి ఆమెను చూపించాడు. ఆ వీడియో కింద జనం ఎంత రాశారో! "అక్కా, దంచేది సూస్తాంటేనే నోరూరతాండాది, నీ చేతులు బంగారం" అని. ఆమె అందరికీ థాంక్స్ చెప్పింది. అన్నీ చదివాను. మా ఆయన ఫోన్‌లో కాదు, నా ఫోన్‌లోనే.

ఇప్పుడు నెలకు కొన్ని రోజులు కుప్పం పోయి వస్తాను. వాటా సక్రమంగా పడుతుంది, ప్రకటనలకంటే అదే నయం. మా ఇంటి ముందు కూడా పలక మీద సుద్దతో రేట్లు రాసి పెట్టాను. భోజనం రేటు రాసేటప్పుడు చెయ్యి ఆగిపోయింది, అది మాత్రం రాయలేదు. నా ఊరుబిండి సీసాలకే రాశాను.

మొన్న హార్స్లీ హిల్స్ పోతూ ఒక కుటుంబం వచ్చింది. తిన్నారు, సీసాలు కొన్నారు, రేటు దగ్గర ఎవరూ మొహమాటపడలేదు. వాళ్ల పాప వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన ఉన్న నూనె డబ్బాను చూసింది. నేను దాన్ని ఎప్పుడూ గోడవైపు తిప్పి పెడతాను. ఆ పూట మరిచిపోయాను.

"ఈ డబ్బా మీద ఉండేది ఎవురత్తా?" అని అడిగింది.

చూశాను. ఆకుపచ్చ చీరలో నవ్వుతోంది. పక్కన తెల్లగా, పొట్టిగా అది నిలబడి ఉంది.

"అది మా ఇంటి ఆవు" అన్నాను. "భాగాల్లో పొయింది."